భూమి గమ్మునుంటాదా? బొగ్గుపులుసు వాయువు నిల్వ, భూకంపాల భయం

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (జియాలజీ)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, హాస్టల్ జ్ఞాపకాలు రాయాలా, నేను చదువుతున్న పాఠం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి రెండూ కలిసే విషయం ఒకటి దొరికింది.

ముందు జ్ఞాపకం చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం స్టడీ అవర్లో కూర్చున్నాం. ఉన్నట్టుండి కిటికీ తలుపులు గడగడలాడాయి. ట్రంకు పెట్టెల మీద పెట్టిన పళ్లేలు కింద పడ్డాయి. ఎవరో "భూకంపం!" అని అరిచారు. అంతే, అందరం ఒక్కసారిగా మెట్ల మీదికి పరుగు తీశాం. ఆ తొక్కిసలాటలో మా తరగతి వాడొకడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మరుసటి రోజు తెలిసింది, అది భూకంపం కాదు, రాళ్ల క్వారీలో పెట్టిన మందుగుండు. భూమి మమ్మల్ని ఏమీ చెయ్యలేదు. మా భయమే వాడి చెయ్యి విరిచింది.

రెండో సంగతి ఈ మధ్యది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మా అవ్వకు పేపరు చదివి వినిపిస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాబట్టి పేపరు చదివే పని నాదే. కరెంటు ఫ్యాక్టరీల పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, భూమిలోకి పంపి దాచే పద్ధతి గురించి అందులో రాశారు. అవ్వ అంతా విని, "ఏమబ్బోడా, కడుపులోకి గాలి పోతేనే మనిషి గమ్మునుండడే, ఆ పొగంతా లోపలికి తోలితే భూమి గమ్మునుంటాదా?" అనింది.

నేను నవ్వాను. కానీ తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వాదించుకుంటున్న ప్రశ్న కూడా అదేనని. ఆ ప్రశ్నకు నాకు తెలిసినంత జవాబు ఈ వ్యాసం.

ఎందుకు దాచాలి?

బొగ్గు కాలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుందని మీరు ఏడో తరగతిలోనే చదివారు. ఎంత వస్తుందో లెక్క వేసి చూద్దాం. మనకు దగ్గరి పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు, అదే ఆర్టీపీపీ. దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఏడాదికి 8,760 గంటలు. ముప్పావు సామర్థ్యంతో నడిచిందనుకుంటే సుమారు 1,084 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే కాస్త అటూ ఇటూగా ఒక కిలో కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి దాదాపు కోటి టన్నులు!

ఈ వాయువు సూర్యుడి వేడిని భూమి దగ్గరే పట్టి ఉంచుతుంది. వేడి పెరిగే కొద్దీ వానల తీరు చెడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతుకుతున్న మన అనంతపురం జిల్లాకు ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు. మా నాన్న ఆరు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి, మూడేళ్లకు అదీ ఎండింది. బోర్ల అప్పు మాత్రం ఎండలేదు. కాబట్టి "పొగ సంగతి మనకెందుకు?" అనే వీలు మనకు లేదు.

గాలిమరలు, సోలార్ ప్యానెళ్లతో బొగ్గును కొంత తగ్గించవచ్చు. కానీ సిమెంటు, ఉక్కు, ఎరువుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే వాయువును పూర్తిగా ఆపడం కష్టం. అందుకే దాన్ని పట్టి లోతుగా దాచాలనే ఆలోచన వచ్చింది. 2022 నవంబరులో నీతి ఆయోగ్ కూడా దీని మీద ఒక నివేదిక విడుదల చేసింది.

ఎలా దాస్తారు?

భూమి లోపల పెద్ద గుహ ఉంటుంది, అందులో వాయువు నింపుతారు అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇసుకరాయి లాంటి రాళ్లలో కంటికి కనపడనంత సన్నని సందులు ఉంటాయి. వాటిలో ఉప్పునీరు నిండి ఉంటుంది. వాయువు ఆ నీటిని పక్కకు నెట్టి సందుల్లో చేరుతుంది. పైన గట్టిగా అదిమిన బురదరాయి పొర ఒకటి కుండకు మూతలాగా ఉండాలి. దాన్ని మూతరాయి అందాం.

లోతు కనీసం 800 మీటర్లు ఉండాలి, అంటే 2,600 అడుగులు. మన దగ్గర 1,000 అడుగుల బోరు వేస్తేనే "పాతాళం దాకా పోయినాం" అంటారు. అంత లోతు ఎందుకంటే, అక్కడి ఒత్తిడికి ఈ వాయువు బాగా అణిగి, ద్రవంలాగా చిక్కబడుతుంది. నేల మీద ఒక టన్ను వాయువుకు సుమారు 550 ఘనపు మీటర్ల చోటు కావాలి. లోపల రెండు ఘనపు మీటర్లు కూడా అక్కరలేదు. మన స్టడీ హాలంత వాయువు ఒక నీళ్ల తొట్టిలో పట్టినట్టన్నమాట.

మరి బెళుగుప్ప కింద దాచవచ్చా? బోరు వేసేటప్పుడు బయటికి ఎగజిమ్మే తెల్లపొడి మీరందరూ చూసే ఉంటారు. అది గ్రానైటు, నైస్ రాతి పొడి. ఈ రాతిలో సందులు లేవు, పగుళ్లు మాత్రమే ఉన్నాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. నీళ్లకే చోటివ్వని ఈ రాయి కోట్ల టన్నుల వాయువుకు చోటివ్వదు. కాబట్టి మన ఊరి కింద పొగ దాస్తారనే భయం అక్కరలేదు.

తెలుగు నేలలో చోటు ఉండే అవకాశం రెండు చోట్ల. ఒకటి కృష్ణా గోదావరి బేసిన్. అక్కడ మందమైన ఇసుకరాయి, బురదరాయి పొరలున్నాయి, గ్యాసు తీసి ఖాళీ అవుతున్న నిక్షేపాలూ ఉన్నాయి. రెండోది దక్కను నల్లరాయి, అంటే బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన ఈ రాయి మహారాష్ట్ర నుంచి తెలంగాణలోని ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు దాకా పరుచుకుని ఉంది. బసాల్టుకు ఒక గొప్ప గుణం ఉంది. దానిలోని కాల్షియం, మెగ్నీషియం ఈ వాయువుతో కలిసి సున్నపురాయి లాంటి గట్టి ఖనిజంగా మారతాయి. వాయువు రాయైపోతే ఇక పైకి రాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్జీఆర్ఐ, 2000ల్లోనే ఎన్టీపీసీతోనూ అమెరికాలోని ఒక జాతీయ ప్రయోగశాలతోనూ కలిసి దక్కను బసాల్టు ఇందుకు పనికొస్తుందా అని పరిశీలించింది.

భూకంపం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు అవ్వ ప్రశ్న దగ్గరికి వద్దాం. భూమి లోపల రాళ్లలో పెద్ద పగుళ్లు ఉంటాయి. పాఠ్యపుస్తకంలో వీటిని భ్రంశాలు అంటారు, నేను పగులు అనే రాస్తాను. పగులుకు రెండు వైపులా ఉన్న రాళ్లు జరగాలని చూస్తుంటాయి. పైనున్న బరువు వాటిని ఒకదానికొకటి అదిమి పట్టి ఆపుతుంది. ఆ పట్టు సడలిన క్షణాన రాయి ఒక్క ఉదుటున జరుగుతుంది. అదే భూకంపం.

పట్టు ఎలా సడలుతుంది? దీనికి ప్రయోగశాల అక్కరలేదు, మన భోజనశాల చాలు. వేడినీళ్లతో కడిగిన స్టీలు గ్లాసును తడి బండ మీద బోర్లించి చూడండి. ఎవరూ తాకకుండానే అది కొంచెం దూరం జారుతుంది. చిన్నప్పుడు మేము దాన్ని దయ్యం గ్లాసు అనేవాళ్లం. దయ్యం ఏమీ లేదు. లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి వ్యాకోచించి, గ్లాసును కొద్దిగా పైకి నెడుతుంది. గ్లాసు బరువులో కొంత ఆ గాలే మోస్తుంది. అప్పుడు బండకూ గ్లాసుకూ మధ్య రాపిడి తగ్గి గ్లాసు జారుతుంది. గ్లాసు బరువు తగ్గలేదు, పట్టు తగ్గింది.

భూమిలోనూ ఇంతే. నీళ్లో వాయువో ఒత్తిడితో లోపలికి పంపితే, ఆ ఒత్తిడి పగులు దాకా పాకి రెండు వైపుల రాళ్లనూ విడదీయాలని చూస్తుంది. రాపిడి తగ్గుతుంది. అప్పటికే జరగడానికి సిద్ధంగా ఉన్న పగులైతే జరిగిపోతుంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. భూకంపాన్ని పుట్టించేది ఆ వాయువు విషగుణమూ కాదు, మంటగుణమూ కాదు. కేవలం ఒత్తిడి. నీళ్లు పంపినా అదే జరుగుతుంది.

కొయినా నేర్పిన పాఠం

ఈ సంగతి మన దేశానికి 1967లోనే చేదుగా తెలిసింది. మహారాష్ట్రలో కొయినా నది మీద 103 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టి 1962 ప్రాంతంలో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. కొద్దికాలానికే చుట్టుపక్కల చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. 1967 సెప్టెంబరులో 5 దాటిన భూకంపం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న 6.3 తీవ్రతతో పెద్దది వచ్చి దాదాపు 200 మందిని బలి తీసుకుంది. జలాశయం కారణంగా వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలోనే ఇంతవరకూ అదే పెద్దది. ఆ తర్వాత కూడా అక్కడ 5, అంతకు మించిన భూకంపాలు 20కి పైగా వచ్చాయి. అన్నీ దాదాపు 20 కిలోమీటర్ల వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవున్న చిన్న ప్రాంతంలోనే.

103 మీటర్ల నీటి ఒత్తిడి ఎంత? సుమారు 10 వాతావరణ పీడనాలు. అయిదు కిలోమీటర్ల లోతున రాళ్ల బరువు ఒత్తిడి 1,300 వాతావరణాల దాకా ఉంటుంది. 1,300 ముందు 10 ఎంత? లెక్కకు చాలా తక్కువ. కానీ తెగేదాకా లాగవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు. కొయినా కింది పగులు అప్పటికే తెగేదాకా లాగిన తాడు. దానికి ఆ పది చాలు.

కొయినాను దశాబ్దాల పాటు పరిశోధించింది మన హైదరాబాదు ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలే. 2017 నాటికి అక్కడ 3 కిలోమీటర్ల లోతు పరిశోధక బావి కూడా తవ్వారు. పైన సుమారు ఒక కిలోమీటరు మందాన నల్లరాయి, దాని కింద ఏముందో తెలుసా? గ్రానైటు, నైస్. మన బెళుగుప్ప బోరులో వచ్చే రాతి జాతే! భూకంపాలు పుడుతున్నది ఆ కింది గట్టిరాతిలో.

నిల్వకు పనికొస్తుందనుకుంటున్న దక్కను నల్లరాయీ, ఆనకట్ట నీటికే కదిలిన కొయినా నేలా ఒకే రాతి దుప్పటి కింద ఉన్నాయి. అంటే నల్లరాయి మంచిదా కాదా అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. ఆ రాయి కింద ఏ పగులు ఎంత బిగుసుకుని ఉందో కూడా చూడాలి.

మరి మన మండలంలోనే జీడిపల్లి రిజర్వాయరు ఉంది కదా, దానివల్ల భూకంపం రాదా అని మీలో ఒకరైనా అడుగుతారు. జీడిపల్లి నిల్వ రెండు టీఎంసీల లోపు. కొయినాది సుమారు 100 టీఎంసీలు. ఎత్తులోనూ పోలిక లేదు. అంతకంటే ముఖ్యమైన మాట, పెద్ద జలాశయాలన్నీ భూకంపాలు తేవు. కొయినా కంటే చాలా పెద్దదైన నాగార్జునసాగర్ దగ్గర కొయినా లాంటి భూకంపం రాలేదు. తేడా నీళ్లలో లేదు, నేల కింది పగులులో ఉంది.

పైదేశాల అనుభవం

భూమిలోకి ద్రవం ఎక్కించి భూకంపాలు తెచ్చుకున్న కథలు పైదేశాల్లో చాలా ఉన్నాయి. అమెరికాలో డెన్వర్ నగరం దగ్గర సైన్యం వాళ్లు 1962 నుంచి 1966 దాకా రసాయనాల మురుగునీటిని మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న బావిలోకి పంపారు. వందల ప్రకంపనలు వచ్చాయి. 1966లో ఆపేశారు. కానీ అన్నిటికంటే పెద్దవి, 5కు దగ్గరివి, ఆపిన మరుసటి ఏడాది 1967లో వచ్చాయి. పంపు ఆపినంత మాత్రాన లోపలి ఒత్తిడి వెంటనే ఆగదు. అది మెల్లగా పాకుతూనే ఉంటుంది.

అమెరికాలోనే రాంజ్లీ అనే చోట 1969 నుంచి 1973 దాకా శాస్త్రవేత్తలు కావాలనే ప్రయోగం చేశారు. నూనె బావుల్లో నీటి ఒత్తిడి పెంచితే భూకంపాలు పెరిగాయి, తగ్గిస్తే తగ్గాయి. ఒత్తిడి అనే తాళంచెవి మన చేతిలో ఉంటే చాలావరకు అదుపు చేయవచ్చని ఇది చూపింది.

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో భూమి వేడితో కరెంటు తీయడానికి గట్టిరాతిలోకి నీళ్లు పంపారు. 2017 నవంబరు 15న సుమారు 5.5 తీవ్రతతో భూకంపం వచ్చి పదుల మంది గాయపడ్డారు. నీళ్లు ఎక్కించడమే దాన్ని రేపిందని 2019 మార్చిలో నిపుణుల సంఘం తేల్చింది. స్పెయిన్ తీరంలో సముద్రం కింద గ్యాసు నిల్వ మొదలుపెడితే 2013లో వరుసగా ప్రకంపనలు వచ్చి ప్రాజెక్టే ఆగిపోయింది. ఆ సంస్థకు ప్రభుత్వం 130 కోట్ల యూరోలకు పైగా చెల్లించాల్సి వచ్చింది. ఆ భారం చివరికి ప్రజల నెత్తినే.

ఇవన్నీ నీళ్లు, గ్యాసు కథలు. కార్బన్ డై ఆక్సైడ్ మాటేమిటి? నార్వే దగ్గర సముద్రం కింద స్లీప్నర్ అనే చోట 1996 నుంచి ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నుల దాకా పంపుతూ వచ్చారు. అక్కడి ఇసుకరాయి మెత్తన, విశాలం. చెప్పుకోదగ్గ భూకంపం లేదు. అమెరికాలోని డికేటర్‌లో 2011 నుంచి 2014 దాకా 10 లక్షల టన్నులు పంపితే వేల ప్రకంపనలు యంత్రాలకు చిక్కాయి, మనుషులకు ఒక్కటీ తెలియలేదు. అల్జీరియాలోని ఇన్ సాలా ఎడారిలో 2004 నుంచి 2011 దాకా సుమారు 38 లక్షల టన్నులు పంపారు. అక్కడ బావుల దగ్గర నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బిందని ఉపగ్రహాలు కనిపెట్టాయి. అవ్వ చెప్పిన కడుపుబ్బరం నిజమేనన్నమాట! మూతరాయి కింది భాగం దెబ్బతిన్నదేమోనన్న అనుమానంతో 2011లో పంపడం ఆపేశారు.

టెక్సాస్‌లోని కాగ్డెల్ నూనె క్షేత్రంలో, నూనెను బయటికి నెట్టడానికి 2004 తరువాత వాయువులు ఎక్కువగా పంపారు. 2006 నుంచి 2011 మధ్య అక్కడ వచ్చిన భూకంపాలకు, 4.4 తీవ్రత ఉన్నదానితో సహా, ఆ వాయువులే కారణం కావచ్చని 2013లో పరిశోధకులు చెప్పారు. ఇక కేవలం నిల్వ కోసమే నడిపిన ప్రాజెక్టుల వల్ల ఇళ్లు కూలిన భూకంపం ఇంతవరకూ నమోదు కాలేదు. అయితే ఇప్పటిదాకా చేసినవన్నీ చిన్నవి. స్లీప్నర్‌లో ఏడాదికి పంపింది ఒక్క ఆర్టీపీపీ నుంచి వచ్చేదాంట్లో పదో వంతు. ఇలాంటివి వందలూ వేలూ పెడితే ఏమవుతుందన్నదే అసలు సమస్య.

పండితుల వాదన

2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ జోబాక్, స్టీవెన్ గోరెలిక్ ఒక వ్యాసం రాశారు. వాళ్ల భయం ఇళ్లు కూలతాయని కాదు. ఖండాల లోపలి రాళ్లలో చాలా పగుళ్లు జరగడానికి సిద్ధంగానే ఉంటాయి. 4 తీవ్రత గల భూకంపం వస్తే ఇళ్లకు పెద్ద నష్టం ఉండదు, కానీ లోపల పగులు సుమారు కిలోమీటరు పొడవున కొద్ది సెంటీమీటర్లు జరుగుతుంది. అది మూతరాయిని చీలిస్తే? దాచిన వాయువు మెల్లగా పైకి పాకుతుంది, పడిన శ్రమంతా వృథా. కుండ పగలనక్కరలేదు, బీట పడితే చాలు, నీళ్లు నిలవవు.

దీనికి ఇతర శాస్త్రవేత్తలు జవాబు చెప్పారు. భూకంపాలు ఎక్కువగా పుట్టేది లోతైన గట్టిరాతిలో, నిల్వ చేసేది పైనున్న మెత్తని పొరల్లో అన్నారు. మెత్తని బురదరాయి జరిగినా చీలకుండా సాగుతుందన్నారు. భూకంపాలు వచ్చే ప్రాంతాల్లో కూడా నూనె, గ్యాసు లక్షల ఏళ్లుగా మూతరాయి కింద భద్రంగానే ఉన్నాయి కదా అన్నారు. నాకు ఇద్దరి మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. మెత్తని మందమైన పొర ఉన్నచోట రెండోవారి మాట నిలుస్తుంది. గట్టిరాయి దగ్గరగా, పగులు బిగుసుకుని ఉన్నచోట జోబాక్ మాట నిలుస్తుంది. ఏ చోటు ఎలాంటిదో కొలవకుండా ముందే తీర్పు చెప్పడం రెండు వైపులా తప్పే.

వాయువు రాయిగా మారితే ఈ గొడవే ఉండదు కదా అనవచ్చు. ఐస్‌లాండ్‌లో 2012లో అలాగే చేశారు. రెండేళ్లలోపే 95 శాతానికి పైగా రాయైపోయిందని 2016లో ప్రకటించారు. కానీ ఆ పద్ధతిలో ఒక టన్ను వాయువును కరిగించడానికి దాదాపు 25 టన్నుల నీళ్లు కావాలి. బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు దగ్గర వరుస కట్టిన మనకు ఆ అంకె ఏం చెబుతుందో వేరే చెప్పాలా? నీళ్లు కలపకుండా నేరుగా పంపే ప్రయత్నం అమెరికాలోని వాలులా దగ్గర 2013లో సుమారు 1,000 టన్నులతో జరిగింది. అదీ మంచి ఫలితమే ఇచ్చింది, కానీ చాలా చిన్న ప్రయోగం.

మన నేల, మన ఇళ్లు

"మా ప్రాంతంలో భూకంపాలు రావు" అనే ధీమా కూడా మంచిది కాదు. 2002 నాటి భారత ప్రమాణాల పటంలో అనంతపురం జిల్లా తక్కువ ప్రమాదమున్న రెండో జోన్‌లో ఉంది. కానీ 1993 సెప్టెంబరు 30న భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కిల్లారి, అప్పటి పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉండేది. అక్కడ దాదాపు 10 వేల మంది చనిపోయారు. చంపింది భూకంపం ఒక్కటే కాదు, మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పులు. మన పల్లెల్లో పాత మిద్దెలను ఒకసారి చూడండి, తేడా ఏముంది?

తెలుగు నేలలోనూ 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర 5 దాటిన భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 వచ్చింది. ఇవి ఎవరో ఏదో పంపితే వచ్చినవి కావు. వీటి వల్ల మనకు తెలిసేది, గోదావరి లోయలో పగుళ్లు ఇంకా నిద్రపోలేదని.

కృష్ణా గోదావరి బేసిన్‌లో రేపు నిల్వ మొదలైతే ఆ పక్కన ఉండేది కోనసీమ పల్లెలు. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి, రెండు నెలలకు పైగా మండిన సంగతి అక్కడివాళ్లు మరిచిపోలేదు. అది భూకంపం కాదు, కానీ భూమిలోని ఒత్తిడితో ఆడుకుంటే నష్టం ఎవరి గుమ్మం ముందుకు వస్తుందో చూపింది.

అడగాల్సిన ప్రశ్నలు

అందుకని వద్దని అడ్డుపడమని నేను చెప్పడం లేదు. గుడ్డిగా సరేననమనీ చెప్పడం లేదు. ఇలాంటి ప్రాజెక్టు ఏ తెలుగు ఊరి పక్కకు వచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణలో లేచి ఈ ఆరు ప్రశ్నలు అడగాలి.

1. కింద ఉన్న పగుళ్లను కొలిచారా? గట్టిరాయి ఎంత లోతున ఉంది?
2. ఏడాదికి ఎన్ని టన్నులు, ఎంత ఒత్తిడితో పంపుతారు? ఏ ఒత్తిడి దాటితే ఆపేస్తారు?
3. మొదలుపెట్టక ముందే భూకంప యంత్రాలు పెట్టి, ఆ నేల మామూలుగా ఎంత కదులుతుందో రాసుకున్నారా? ముందు లెక్క లేకపోతే, తర్వాత వచ్చిన కదలిక ఎవరిదో తేలదు.
4. ఒత్తిడి పెరిగితే లోపలి ఉప్పునీటిని బయటికి తోడే ఏర్పాటు ఉందా? తోడిన ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు?
5. యంత్రాల అంకెలు ఊరివాళ్లకు తెలుగులో చూపిస్తారా?
6. పని ఆపాక ఎన్నేళ్లు కనిపెట్టి ఉంటారు? నష్టం జరిగితే ఎవరు కడతారు?

ఈ ఆరింటికీ కాగితం మీద జవాబు ఉంటే భయం చాలావరకు తగ్గుతుంది. ఒక్కదానికి జవాబు లేకపోయినా అనుమానించాల్సిందే.

గుర్తుంచుకోవలసినవి

• భూకంపాన్ని రేపేది వాయువు కాదు, ఒత్తిడి.
• ఒత్తిడి ఒక్కటే చాలదు, జరగడానికి సిద్ధంగా ఉన్న పగులు కూడా ఉండాలి.
• చిన్న ప్రకంపనలు ముందస్తు హెచ్చరికలు కావచ్చు. కొయినాలో పెద్దదానికి ముందు అయిదేళ్ల పాటు వచ్చాయి.
• పంపడం ఆపినా ఒత్తిడి కొంతకాలం పాకుతూనే ఉంటుంది.
• బెళుగుప్ప గ్రానైటులో ఇలాంటి నిల్వకు చోటు లేదు.
• నిజంగా భూకంపం వస్తే మెట్ల మీదికి పరుగెత్తకండి. గట్టి బల్ల కింద దూరి తల కాపాడుకోండి, కదలిక ఆగాక వరుసగా బయటికి రండి. మా స్నేహితుడి చెయ్యి మాకు నేర్పిన పాఠం ఇది.

ఇంతకీ అవ్వకు ఏం జవాబు చెప్పానంటారా? "చోటు చూసి, మెల్లగా, కొలుచుకుంటా తోలితే గమ్మునుంటాది అవ్వా. లెక్కాపత్రం లేకుండా తోలితే ఉండదు" అన్నాను. అవ్వ వక్క నములుతూ కాసేపు ఆలోచించి, "మరి ఆ లెక్క ఎవరు చూస్తారబ్బోడా?" అనింది.

నా దగ్గర జవాబు లేదు. కొయినా లెక్క చూసింది చదువుకున్నవాళ్లే. రేపు కోనసీమలోనో, జహీరాబాద్ వైపో లెక్క చూడాల్సి వస్తే, ఆ యంత్రాల ముందు కూర్చునేవాళ్లలో బోరు దుమ్ము మింగి పెరిగిన పిల్లలు కూడా ఉండాలని నా కోరిక. వాళ్లకైతే భూమి లోపలి అంకె ఒకటి తప్పితే పైన ఏ ఇంటి అప్పు పెరుగుతుందో తెలుసు. తమ్ముళ్లూ, పదో తరగతి తర్వాత ఏం చదవాలని అడిగితే, ఇంజినీరింగ్, డాక్టరుతో పాటు జియాలజీ అనే చదువు కూడా ఒకటుందని గుర్తుపెట్టుకోండి. సందేహాలుంటే సెలవుల్లో ఊరికి వస్తాను, స్టడీ అవర్లో కూర్చుని మాట్లాడుకుందాం. దయ్యం గ్లాసు ప్రయోగం మాత్రం నేను వచ్చేలోగా మీరే చేసి చూడండి.